ఆ గడిలో రెండు మాటలు

నాయనా,

ఆదివారం నువ్వొచ్చి నా బల్ల మీద పెట్టిపోయిన ఫారం నాలుగు రోజులుగా అక్కడే ఉంది. కళ్ళద్దాలు పెట్టుకున్నప్పుడల్లా దాన్నే చూస్తున్నా. ఫారం ఏ-1, ఆయుధ లైసెన్సు దరఖాస్తు. పేరు, తండ్రి పేరు, ఎర్రగుంట్ల ఇంటి చిరునామా, పాలిష్ ఫ్యాక్టరీ చిరునామా, కావాల్సింది 32 రివాల్వర్ అని అన్నీ గుండ్రటి అక్షరాలతో నింపినావు. మీ నాయన చేతిరాత నీకొచ్చింది. ఆయుధం ఎందుకు కావాలన్న గడిలో మాత్రం రెండే మాటలు: "ఆత్మరక్షణ కోసం".

నేను రెవెన్యూ కొలువులో ఉన్నప్పుడు ఆరేళ్ళు ఈ ఫైళ్ళే చూసినాను. ఆ గడిలో ఆ రెండు మాటలు ఎన్నిసార్లు చదివినానో లెక్కలేదు. పెట్రోలు బంకు యజమాని అదే రాస్తాడు. కాంట్రాక్టరు అదే రాస్తాడు. ఊళ్ళో పెత్తనం ఉన్నాయన అదే రాస్తాడు. ప్రాణభయంతో నిద్రపట్టనివాడూ అదే రాస్తాడు. అందరి కాగితాలూ ఒకే కట్టలో ఒకే దారంతో కట్టి ఉంటాయి. చదివేవాడికి ఎవరి భయం ఏపాటిదో తెలియదు. చాలాసార్లు రాసినవాడికీ తెలియదు.

"నీకు తెలిసిన పనే కదా పెద్దనాయనా, ఒకసారి చూసి తప్పులుంటే దిద్దు" అన్నావు. దిద్దుతాను. దానికంటే ముందు ఒక మాట చెప్పాల. ఎదురుగా చెబితే "సరే పెద్దనాయనా" అని లేచిపోతావు, నీ తొందర నాకు తెలుసు. అందుకే తీరిగ్గా రాస్తున్నా. తుపాకి వద్దే వద్దని చెప్పడానికి కాదు. అడిగే ముందు నీ భయానికి పేరు పెట్టుకోమని చెప్పడానికి. ఎవరివల్ల భయం? దేనికోసం? ఎప్పటినుంచి? ఈ మూడింటికీ జవాబు నీ చేత్తో రాసుకోగలిగితే ఆ గడి దానంతటదే నిండుతుంది. రాసుకోలేకపోతే ఆ రివాల్వర్ వచ్చినా నీకు అక్కరకు రాదు.

ముందు చట్టం సంగతి చెబుతా. మన దేశంలో తుపాకి పెట్టుకోవడం హక్కు కాదు, సర్కారు ఇచ్చే అనుమతి. స్వాతంత్ర్యోద్యమ కాలంలో 1931 కరాచీ కాంగ్రెసు తీర్మానంలో, నిబంధనలకు లోబడి ఆయుధం ఉంచుకునే హక్కు కూడా పౌరుల హక్కుల జాబితాలో ఉండింది. రాజ్యాంగం రాసుకునేనాటికి ఆ హక్కు మిగల్లేదు. 19వ అధికరణం మనకు ఇచ్చిన హక్కు ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశమయ్యే హక్కు. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టులో జస్టిస్ కె.ఎం. జోసెఫ్, జస్టిస్ బి.వి. నాగరత్న లైసెన్సు లేని తుపాకుల విషయం విచారిస్తూ, అమెరికాలో మాదిరిగా ఆయుధం పట్టడం మన దగ్గర ప్రాథమిక హక్కు కాదని స్పష్టంగా చెప్పినారు.

డల్లాస్‌లో ఉన్న మీ బావ ఫోన్‌లో నీతో ఏమన్నాడో నువ్వే చెప్పినావు, అక్కడ అంగడికి పోయి కొనుక్కోవచ్చని. నిజమే. అక్కడ 1791 నుంచి రాజ్యాంగంలోనే ఆ హక్కు ఉంది. న్యూయార్కు రాష్ట్రం బయట తుపాకి పెట్టుకొని తిరగడానికి ప్రత్యేకమైన కారణం చూపించమని అడుగుతుంటే, 2022లో వాళ్ళ సుప్రీంకోర్టు ఆ నిబంధననే కొట్టేసింది. అంటే అక్కడ కారణం అడగడం తప్పు. ఇక్కడ కారణం చెప్పకపోతే పని మొదలే కాదు. అంత సులువుగా తుపాకి దొరికే దేశంలోనే 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రం ఒలేతా ఊళ్ళో మన తెలుగు ఇంజనీరు ఒకాయన, పని ముగించుకొని స్నేహితుడితో కూర్చొని ఉండగా, ముక్కూముఖం తెలియనివాడి తూటాకు పోయినాడు. ఆ పిల్లవాడి తల్లిదండ్రులు టీవీలో ఏడుస్తుంటే మీ పెద్దమ్మ ఆ రోజు అన్నం ముట్టలేదు. మీ బావ మాట వినేటప్పుడు ఆ సంగతి కూడా గుర్తుపెట్టుకో.

మన చట్టం 1959 నాటిది. దాని కింద 2016లో కొత్త నియమాలు వచ్చినాయి. చట్టం 13వ సెక్షన్ చదివితే ఒక తేడా కనిపిస్తుంది. ఇంట్లో రక్షణకు పెట్టుకునే పొడవాటి తుపాకి, గొట్టం లోపల గాడులు లేనిది, 20 అంగుళాలకు తగ్గనిది అడిగితే ఇవ్వాలనే చెబుతుంది. పంట కాపాడుకోవడానికి నోటితో మందు కూరే తుపాకికీ అంతే. నడుముకు పెట్టుకునే రివాల్వర్ దగ్గరికి వచ్చేసరికి తగిన కారణం ఉందని అధికారికి నమ్మకం కలగాల. వాకిలి కాపాడుకునేవాడికీ ఆయుధంతో బజారుకు పోయేవాడికీ మధ్య గీత చట్టమే గీసింది. నువ్వు ఆ గీతకు అవతలి వస్తువు అడుగుతున్నావు.

ఇంక 2016 నియమాలు, వ్యాపారం వల్ల గానీ వృత్తి వల్ల గానీ మరో కారణంగా గానీ ప్రాణానికో ఆస్తికో రక్షణ నిజంగా అవసరమైనవాళ్ళ దరఖాస్తు పరిశీలించవచ్చు అంటాయి. "నిజంగా" అన్న మాట మీద వేలు పెట్టి రెండుసార్లు చదువు. స్టేషను నుంచి విచారణకు వచ్చే ఎస్సై అడిగేది ఆ ఒక్క మాట గురించే. ఇంతకుముందు ఎప్పుడైనా బెదిరింపు వచ్చిందా? ఫిర్యాదు ఇచ్చినావా? కాగితం ఏది? ఆ కాగితం లేకుండా నోటితో ఎంత చెప్పినా "ప్రాణాపాయం ఉన్నట్టు రికార్డులో లేదు" అని ఒక వాక్యం పైకి పోతుంది. ఆ వాక్యంతోనే నా బల్ల మీదికి వచ్చిన ఫైళ్ళు కట్టలకొద్దీ ఉండేవి.

చట్టంలో ఒక మంచి మాట కూడా ఉంది. ఆస్తి చాలినంత లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు కాదనకూడదు. కూలివాడి ప్రాణం కూడా ప్రాణమే అని దాని అర్థం. కాదన్నప్పుడు కారణం రాయాల, 30 రోజుల్లో అప్పీలు చేసుకునే దారి ఉంది. కాబట్టి సిఫారసు కోసం ఎవరి గడపా తొక్కవద్దు. నిజం ఉంటే సిఫారసు అక్కరలేదు. నిజం లేకపోతే సిఫారసుతో వచ్చిన తుపాకి నెత్తిమీద కుంపటే.

ఇప్పుడు మన సీమ గురించి. ఇక్కడ ఆయుధమంటే ఇంత మోజు ఎందుకో నువ్వు ఎప్పుడైనా ఆలోచించినావా? 1800లో నిజాం ఈ నేల కంపెనీవాళ్ళకు అప్పగించినప్పుడు కలెక్టరుగా వచ్చిన మన్రో చేసిన మొదటి పని పాళెగాళ్ళ బలగాలను అణచి ఆయుధాలు తీసేయించడం. మిగిలిన కసి 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటుగా లేచింది. 1847 ఫిబ్రవరి 22న ఆయన్ను కోవెలకుంట్లలో ఉరితీసినారు, తల కోట మీద ఏళ్ళ తరబడి వేలాడదీసినారు. తర్వాత 1878లో ఆయుధాల చట్టం వచ్చింది. నల్లవాడికి లైసెన్సు కావాల, తెల్లవాడికి అక్కరలేదు. అట్లాంటి కాలంలో దొర ఎవరికైనా తుపాకి ఇచ్చినాడంటే వాడు సర్కారుకు నమ్మకస్తుడని ఊరంతా చెప్పుకునేవాళ్ళు. లైసెన్సు రక్షణ కాగితంగా కాదు, పరువు కాగితంగా మన ఇళ్ళల్లోకి వచ్చింది. నూరేళ్ళు దాటినా ఆ వాసన పోలేదు. పోయిన ఏడు ప్రొద్దుటూరు పెళ్ళిలో మీ స్నేహితుడు చొక్కా కింద ఉబ్బెత్తుగా కనిపించేలా పెట్టుకొని వచ్చినప్పుడు పదిమంది లేచి కుర్చీ ఇచ్చినారని నువ్వే చెప్పినావు. చెప్పేటప్పుడు నీ కళ్ళల్లో మెరుపు నేను చూసినాను. నాయనా, ఆ మెరుపును భయం అని రాయకూడదు.

మన ఇంట్లోనూ ఒక తుపాకి ఉండేది. మీ నాయన అప్పటికి పాలుతాగే పిల్లవాడు, నాకు పదేళ్ళు. మా జేజినాయన కాలం నాటి డబుల్ బ్యారెల్. నడిమింట్లో గోడకు రెండు కొయ్యమేకుల మీద పడుకోబెట్టి ఉండేది. నెలకొకసారి మా నాయన దాన్ని దించి, పాత పంచె గుడ్డతో నూనె రాసేవాడు. ఆ నూనె వాసన, చల్లటి ఇనుము, కర్ర మీద జేజినాయన చేయి పడి పడి నునుపెక్కిన చోటు నాకు ఇప్పటికీ గుర్తే. తాకబోతే జేజి నా చేతి మీద చిన్నగా కొట్టేది.

ఒక సందెవేళ మా నాయన చేనినుంచి వచ్చినాడు. గట్టు దగ్గర దాయాదితో గొడవైంది. మొగం ఎర్రగా ఉంది, మాట పెగలడం లేదు. కాళ్ళు కూడా కడుక్కోకుండా నడిమింట్లోకి వచ్చి నిలబడినాడు. నేను మూలలో లాంతరు దగ్గర ఎక్కాలు చదువుకుంటున్నా. ఆయన కళ్ళు గోడ మీదికి పోయినాయి. ఒక్క చూపే. జేజి పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. గోడకు వీపు ఆనించి, సరిగ్గా తుపాకి కింద నిలబడింది. చేతికి సంగటి పిండి ఇంకా అంటుకొని ఉంది. "ముందు కూడు తిను. మల్ల మాట్లాడుదువు" అంది. మా నాయన కదల్లేదు. ఆమె కూడా కదల్లేదు. ఎంతసేపో తెలియదు, నాకు మాత్రం లాంతరు గాజు మసకబారేంత సేపు అనిపించింది. చివరికి ఆయన పోయి కాళ్ళు కడుక్కున్నాడు.

మరునాడే జేజి ఆ తుపాకిని స్టేషనులో అప్పగించి వచ్చేదాకా మా నాయనను ఊపిరాడనియ్యలేదు. సర్వేయరు వచ్చి గొలుసు పట్టి కొలిచినాక తేలింది ఏమంటే, గొడవ పడిన గట్టు మూడడుగులు. మూడడుగుల గట్టు కోసం ఆ సందెవేళ మన కొంప ఎక్కడిదాకా పోయేదో తలచుకుంటే ఈ వయసులో కూడా నా వళ్ళు జలదరిస్తుంది. మా నాయన చెడ్డవాడు కాదు, ఊళ్ళో నెమ్మదస్తుడని పేరు. అయినా కళ్ళు గోడ మీదికి పోయినాయి. తుపాకి ఇంట్లో ఉంటే కళ్ళు దానిమీదికి పోతాయి, దానికి మంచివాడూ చెడ్డవాడూ అన్న తేడా లేదు.

ఇది ఎప్పటి మాటో అనుకోవద్దు. 2021 జూన్‌లో పులివెందుల మండలం నల్లపురెడ్డిపల్లెలో పాత కక్షల మధ్య ఒకాయన లైసెన్సు తుపాకితో అదే ఊరి మనిషిని కాల్చి, తర్వాత తననూ కాల్చుకున్నాడు. రెండు ఇళ్ళల్లో ఒకేరోజు శవాలు లేచినాయి. 2023 మార్చి నెలాఖరులో పులివెందుల పట్టణంలోనే, పట్టపగలు, డబ్బుల గొడవలో ఒకతను ఇద్దరి మీద కాల్చితే ఒకరు ప్రాణం విడిచినారు. ఆ తుపాకి కూడా లైసెన్సుదేనని పత్రికలు రాసినాయి. దొంగలు రాలేదు, ముసుగువాళ్ళు రాలేదు. ఉన్నవి పాత పగ, బాకీ. కాగితం మీద రక్షణ కోసం అని ఉన్న వస్తువు అప్పటి కోపానికి అందుబాటులో ఉంది. అంతే.

ఇంకొకటి చెప్పాల, నా నోటితో చెప్పడం కష్టంగానే ఉంది. వానలు తప్పిన ఏళ్ళల్లో పురుగుమందు డబ్బా చేతికి దొరికే చోట ఉన్న ఇళ్ళల్లో ఏం జరిగిందో సీమలో పుట్టిన మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. మనిషికి చెడ్డ రాత్రి ఎప్పుడో ఒకసారి వస్తుంది. ఆ రాత్రి గడిచిపోతే తెల్లవారి బతకాలనిపిస్తుంది. ఆ రాత్రి చేతికి ఏం అందుతుందన్నదే ముఖ్యం. నీకు అప్పులున్నాయి, నాకు తెలుసు. అందుకే చెబుతున్నా.

నువ్వు నన్ను ఎదురు అడుగుతావు. "చెరుకులపాడు నారాయణరెడ్డి సంగతేంది పెద్దనాయనా?" అని. అడగాల్సిన ప్రశ్నే. పత్తికొండ నియోజకవర్గంలో తన పార్టీ బాధ్యతలు చూస్తున్న ఆయన్ను 2017 మే 21న కృష్ణగిరి దగ్గర దారికాచి చంపినారు. ఆయన వెంట ఉన్న మనిషినీ వదల్లేదు. లైసెన్సు రెన్యువల్ కోసం అప్పగించిన తుపాకిని తిరిగి ఇవ్వలేదని, భద్రత అడిగినా పట్టించుకోలేదని ఆయన మనుషులు గుండెలు బాదుకున్నారు. ఆ రోజు ఆయన దగ్గర తుపాకి ఉండి ఉంటే బతికేవాడా? ఔననీ చెప్పలేను, కాదనీ చెప్పలేను. ఆ ఇంటి ఆడబిడ్డ ముందు నిలబడి "ఉన్నా లాభం లేదు" అనే అధికారం ఎవరికీ లేదు. నిజంగా భయం ఉన్న మనిషి అడిగితే సర్కారు తొందరగా పలకాల. ఆ మాట నేను గట్టిగానే అంటాను.

కానీ మన ఫ్యాక్షన్ చావులు ఎట్లా జరిగినాయో కూడా కళ్ళు తెరిచి చూడాల. 1998 మేలో వై.ఎస్. రాజారెడ్డిని వేంపల్లె దగ్గర బాంబులు వేసి చంపినారు. 2005 జనవరి 24న పరిటాల రవి అనంతపురంలో సొంత పార్టీ ఆఫీసులోనే తూటాలకు పడిపోయినాడు. 2008 మేలో కప్పట్రాళ్ళ వెంకటప్ప నాయుడినీ ఆయన వెంట ఉన్న పదిమందినీ ఒకే దాడిలో తుడిచిపెట్టినారు. 2011 జనవరిలో మద్దెలచెరువు సూరి హైదరాబాదులో కారులో పోతుంటే తన అనుచరుడే కాల్చినాడు, కోర్టు వాడికి యావజ్జీవం వేసింది. వీళ్ళల్లో ఒక్కరైనా ఒంటరివాడా? చుట్టూ మనుషులు, బండ్లు, బలగం. వచ్చేవాడు గుంపుగా, దారికాచి, ముందే లెక్కేసుకొని వస్తాడు. లేదంటే పక్కనే కూర్చొని ఉంటాడు. నడుము దగ్గరున్న రివాల్వర్ తీసే లోపలే అంతా అయిపోతుంది. పైగా ఎన్నికలొస్తే లైసెన్సు ఆయుధాలు స్టేషనులో జమచేయించడం మామూలు. మన దగ్గర కక్షలు బుసకొట్టే కాలమే ఎన్నికల కాలం. సరిగ్గా ఆ కాలంలోనే నీ తుపాకి స్టేషను బీరువాలో ఉంటుంది.

కప్పట్రాళ్ళ ఊరి సంగతి ఇంకొంచెం చెబుతా. ఆ కేసులో 2014లో ఆదోని కోర్టు ఒకేసారి చాలామందికి యావజ్జీవం వేసినాక, మగదిక్కు లేని ఇళ్ళు ఎన్నో మిగిలినాయి. కర్నూలు ఎస్పీగా ఉన్న ఆకే రవికృష్ణ ఆ ఊరిని దత్తత తీసుకున్నాడు. బాంబులు, కొడవళ్ళు వెతికే పోలీసులు అదే ఊళ్ళో బడి గురించి, పిల్లల చదువుల గురించి అడగడం మొదలుపెట్టినారు. ఆ ఊరిని కాపాడింది ఎవరి నడుముకో ఉన్న ఆయుధం కాదు. ఇంక చాలు అనుకున్న ఆడవాళ్ళు, వాళ్ళ మాట వినడానికి వచ్చిన ఒక అధికారి.

సరే, నీ సంగతికి వస్తా. ఆదివారం నువ్వు చెప్పిన మాటల్లో నాకు రెండు భయాలు కనిపించినాయి. ఒకటి శనివారం డబ్బు. బ్యాంకులో తీసి, బండలు కోసేవాళ్ళకు, పాలిష్ పట్టేవాళ్ళకు వారం కూలి ఇవ్వడానికి సంచిలో పెట్టుకొని పోతావు, మధ్యలో రోడ్డు నిర్మానుష్యం. రెండోది గనిలో వాటాదారుడు. లెక్కల దగ్గర మాట పెరిగి "నీ సంగతి చూస్తా" అన్నాడు.

మొదటిదానికి తుపాకి ఎందుకురా? కూలోళ్ళకు అందరికీ ఖాతాలున్నాయి, చేతిలో ఫోన్లున్నాయి. నూటికి ఎనభైమందికి ఫోన్‌లో డబ్బు పంపు, మిగిలినవాళ్ళకే నోట్లు ఇయ్యి. ప్రతి శనివారం అదే గంటకు, అదే బండిలో, అదే దారిన పోవద్దు. పక్కన ఇంకొక మనిషిని ఎక్కించుకో. ఫ్యాక్టరీ గేటుకు కెమెరా పెట్టు. ఇవన్నీ చేసినాక సంచిలో ఎంత మిగులుతుందో చూడు. అప్పుడు కూడా భయమే ఉంటే రాయి.

రెండోదానికి చెయ్యాల్సింది వేరే. ఆ మాట అన్న రోజు, గంట, విన్న మనుషుల పేర్లు ఒక కాగితం మీద పెట్టు. స్టేషనుకు పోయి రాతమూలకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకో. శాంతికి భంగం కలుగుతుందని తోస్తే అవతలివాణ్ణి బైండోవర్ చేయించే దారి ఉంది. లెక్కల గొడవకు వకీలు నోటీసు, కోర్టు ఉన్నాయి. వీలైతే ఇద్దరికీ కావలసిన పెద్దమనిషి ఎదుట కూర్చోండి. రాజీ అన్నది పిరికితనం కాదు. సీమలో బతికి బట్టకట్టిన ఇళ్ళన్నీ ఎప్పుడో ఒకప్పుడు రాజీ కూర్చున్న ఇళ్ళే. ఇంకో జాగ్రత్త, నువ్వు ఎదురుతిరిగి చెయ్యి చేసుకుంటే ఆ బైండోవర్ నీ మీదికే వస్తుంది. శాంతికి గానీ మంచి నడవడికకు గానీ బాండు రాసిచ్చినవాడు ఆ గడువు తీరేదాకా ఆయుధం పెట్టుకోకూడదని చట్టం 9వ సెక్షన్ చెబుతుంది. ఇరవై ఒకటి నిండనివాళ్ళతో పాటు నిన్నూ ఆ వరుసలో నిలబెడుతుంది.

నా కొలువులో నేను చూసిన ఒక మనిషి గురించి చెబుతా. హత్యకేసులో సాక్షి. ఊళ్ళో ఎవరూ నోరు విప్పకపోతే తను కోర్టులో నిలబడి చూసింది చెప్పినాడు. ఆ గడిలో "ఆత్మరక్షణ" అన్న మాటే రాయలేదు. ఫలానా తేదీన సాక్ష్యం చెప్పినాను, ఫలానా తేదీన నా గడ్డివామి తగలబెట్టినారు, ఫలానా తేదీన స్టేషనులో ఫిర్యాదు ఇచ్చినాను అని వరుసగా రాసి, ప్రతిదానికీ నకలు కుట్టినాడు. ఆ ఫైలు మీద ఎవరూ ప్రశ్న రాయలేదు. ఆయనకు పొడవాటి తుపాకి వచ్చింది. ఏళ్ళు గడిచినాక ఒకరోజు వచ్చి, శిక్ష పడినవాడు చచ్చిపోయినాడు, ఇంక నాకు దీని అవసరం లేదు అని అప్పగించి పోయినాడు. ఒక్క తూటా కాల్చలేదు. భయానికి పేరు ఉన్నవాడికి అది తీరిపోయిన రోజు కూడా తెలుస్తుంది. పేరు లేని భయానికి అంతు ఉండదు.

నువ్వు చెయ్యాల్సినవన్నీ చేసినాక కూడా భయం మిగిలితే, అప్పుడు రాజమార్గంలో అడుగు. నాటు తుపాకి తెచ్చిస్తామని ఎవడైనా అంటే వాడి నీడ కూడా పడనియ్యవద్దు. 2019 సవరణ తర్వాత లైసెన్సు లేని తుపాకికి రెండేళ్ళకు తక్కువ కాకుండా జైలు. ఆయుధం వాడటంలో, భద్రపరచడంలో శిక్షణ తీసుకొని సర్టిఫికెట్ తెచ్చుకో. డాక్టరు దగ్గర మానసిక స్థితితో సహా పరీక్ష చేయించుకో, నామోషీ పడవద్దు. పోలీసు రిపోర్టు అందినాక 60 రోజుల్లో నిర్ణయం చెప్పాలని నియమం ఉంది, ఓపిక పట్టు. లైసెన్సు ఐదేళ్ళకు ఇస్తారు, గడువు తీరకముందే రెన్యువల్‌కు పెట్టు. ఇంట్లో తాళం బీరువాలో పెట్టు, తూటాలు వేరే చోట పెట్టు, తాళంచెవి నీ దగ్గరే ఉండాల. ఎక్కడ పెట్టినావో కోడలికి తెలియాల, పిల్లలకు తెలియకూడదు. బయటికి తీసుకుపోతే కనపడకుండా కప్పి తీసుకుపోవాల. పెళ్ళిళ్ళలో, ఊరేగింపుల్లో గాలిలోకి కాల్చినా జైలే, రెండేళ్ళదాకా వేయొచ్చు. చొక్కా కింద ఉబ్బెత్తు కనిపించాలనుకునేవాడికి ఈ చట్టంలో చోటు లేదు.

చివరిగా ఒకటి గట్టిగా తెలుసుకో. లైసెన్సు రావడం వేరు, కాల్చడం వేరు. లైసెన్సు ఆయుధం దగ్గర పెట్టుకోవడానికే అనుమతి. ఆత్మరక్షణ హక్కు భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లలో ఉంది, దానికి హద్దులున్నాయి. అపాయం ముంచుకొచ్చిందన్న సహేతుకమైన భయంతో ఆ హక్కు మొదలవుతుంది, ఆ భయం ఉన్నంతసేపే ఉంటుంది. పోలీసుల దగ్గరికి పోయే వ్యవధి ఉంటే ఆ హక్కు లేదు. కాపాడుకోవడానికి ఎంత కావాల్నో అంతకు మించి దెబ్బ తీయకూడదు. పారిపోతున్నవాడి వీపు మీద కాల్చి ఆత్మరక్షణ అంటే కోర్టు వినదు. మోటరు ఎత్తుకుపోయినవాడిని, గట్టు జరిపినవాడిని కాల్చే హక్కు ఎవరికీ లేదు. ఆ క్షణంలో నా ప్రాణానికే ముప్పు వచ్చింది అని చూపించుకోవాల్సిన బరువు నీ మీదే ఉంటుంది, ఏళ్ళ తరబడి, వాయిదా తర్వాత వాయిదా. ఇదంతా ఆలోచించుకోవడానికి ఆ సమయంలో నీకు రెప్పపాటు కూడా ఉండదు. అందుకే ఇప్పుడే ఆలోచించుకో.

ఫారం ఈ ఉత్తరంతో పాటే పంపుతున్నా. అక్షరదోషాలు లేవు. ఆ గడిలో నువ్వు రాసిన రెండు మాటల కింద పెన్సిలుతో గీత గీసి, పక్కన ఒక తెల్లకాగితం గుండుసూదితో గుచ్చినాను. దానిమీద మూడు ప్రశ్నలు నా చేత్తో రాసినాను. ఎవరివల్ల? దేనికోసం? ఎప్పటినుంచి? రాత్రి పిల్లలు పడుకున్నాక, ఫోను పక్కన పెట్టి, ఒక్కడివే కూర్చొని నింపు. కోడలికి చూపించు. నీ కంటే ఆ పిల్లకే నీ భయం బాగా తెలిసి ఉంటుంది.

వచ్చే ఆదివారం ఆ కాగితం తీసుకొని రా. మీ పెద్దమ్మ జొన్నరొట్టెలు చేస్తానంది, పుంటికూర ఊరుమిండి కూడా ఉంటుంది. అది చదివినాక ముందు స్టేషనుకు పోవాలని తేలితే ఫిర్యాదు రాసేది నేనే, నీ పక్కన బెంచీ మీద కూర్చునేదీ నేనే. లైసెన్సు కావాలనే తేలితే ఆ గడి మళ్ళీ మనిద్దరం కలిసి నింపుదాం. ఏది తేలినా ఒంటరిగా మాత్రం పోవద్దు.

మీ పెద్దనాయన,
కర్నూలు